సబ్బు మామ్మ సినిమా

మా నాయనమ్మను వీధంతా సబ్బు మామ్మ అనేది. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ ఊరికే పెట్టలేదు. మేం బడి నుంచి వచ్చి గడప దాటబోతే చాలు, "ఆగక్కడ! కాళ్ళు, చేతులు, మొహం!" అని వంటింట్లోంచే కేక పడేది. చెవుల వెనక వేలు పెట్టి రుద్ది మరీ చూసేది. నలభై దాటిన మా నాన్నకు కూడా ఆ తనిఖీ తప్పలేదు. నాకైతే ఒళ్ళు మండిపోయేది. చర్మం ఊడొచ్చేలా తోమితే ఎవరికి మండదు? ఇప్పుడు ఎలా వచ్చినా గడప దగ్గర ఆపేవాళ్ళు లేరు. ఆ కేక కోసం ప్రాణం కొట్టుకుంటుంది.

ఆ చాదస్తం పుట్టింది బొగ్గు బట్టీల దగ్గర. పెళ్ళైన దగ్గర్నుంచీ నాయనమ్మ, తాతయ్య కొండ మీద ఉండేవాళ్ళు. కట్టెలు గుట్టగా పేర్చి, పైన మట్టి కప్పి, మంట లేవకుండా వారం రోజులు సన్నగా కాల్చాలి. ఎక్కడైనా మట్టి విచ్చుకుందా, వారం కష్టమూ బూడిదే. తిండికి కటకటే, అందులో దాచేదేం లేదు. "రెండు పూటలా తిన్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చే" అని తనే చెప్పేది. కానీ మసి మొహంతో కంచం ముందు కూర్చున్నవాళ్ళు ఆ కొండ మీద ఒక్కరూ లేరు. వాగు ఎంత దూరమైనా సరే, రెండు కడవలు ఆ కడుగుడుకే.

అలాంటి చోటికి ఒక వేసవిలో సినిమావాళ్ళు వచ్చారు. పాటలూ ఫైటింగులూ ఉన్న సినిమా కాదు, బీదవాళ్ళ బతుకు ఉన్నదున్నట్టు తీస్తామన్నారు. ఒక టోపీ ఆయన, ఇద్దరు మనుషులు, మూడు కాళ్ళ మీద ఓ పెట్టె. అప్పటికి నాన్న పుట్టలేదు. ఆయన అక్క, అంటే మా మేనత్త, ఏడేళ్ళ పిల్ల.

టోపీ ఆయన నాయనమ్మ గుడిసెనే ఎంచుకున్నాడు. "బట్టీ దగ్గర్నుంచి ఎలా వచ్చారో అలాగే తినడానికి కూర్చోండమ్మా," అన్నాడు.

"అలా ఎవరం కూర్చోమండీ. కడుక్కునే తింటాం."

"ఈ ఒక్కసారికీ. పాప మొహం మీద మసి సరిపోలేదు, ఇంకాస్త పూయండి."

నాయనమ్మ పూసింది. ఎందుకు పూశావే అని నేను వందసార్లు గొడవపడ్డాను. ముందు మసితో తీస్తారు, తర్వాత కడుక్కున్నాక తీస్తారు అనుకుందట. తనకు తెలిసిన వరస అదే మరి, మసి తర్వాత నీళ్ళు. అందుకే పొయ్యి మీద నీళ్ళు కూడా పెట్టి ఉంచింది. పిల్ల మొహం తళతళలాడేలా కడిగి, జడ వేసి, ఉన్న ఒక్క మంచి గౌనూ తొడిగి బయటికి తెచ్చేసరికి టోపీ ఆయన పెట్టె సర్దేస్తున్నాడు. "రీలు అయిపోయిందమ్మా," అన్నాడట.

మరుసటి ఏడే మేనత్త జ్వరం వచ్చి పోయింది. ఆ పిల్లకు ఒక్క ఫొటో కూడా లేదు.

సినిమా బయటికొచ్చాక పెద్ద రచ్చయింది. దేశం పరువు తీశారని ప్రభుత్వం నిషేధించింది. ఉన్నది చూపిస్తే ఉలుకెందుకని ఇంకొందరు ఎగిరారు. కొండ మీదివాళ్ళు మాత్రం చూడకుండానే నాయనమ్మ మీద పడ్డారు. "నీ ఇంట్లోనేగా మనల్ని నీళ్ళెరగనివాళ్ళని చేశారు!" అని మాటలు మానేశారు. చివరికి తాతయ్య విసిగిపోయి సంసారాన్ని కొండ దింపేశాడు.

నాయనమ్మకు ఆ తిట్ల బాధ లేదు. "తిడితే తిట్టారులే. అందులో నా కూతురుందే. ముక్కు గుర్తొస్తే కళ్ళు గుర్తు రావట్లేదు. ఒక్కసారి చూస్తే చాలు," అనేది. నా చిన్నప్పట్నుంచీ ఇదే మాట.

నాకు ఇరవై ఆరేళ్ళప్పుడు నిషేధం ఎత్తేశారు. పట్నంలో ఒక కాలేజీ హాల్లో పొద్దుటాట వేస్తున్నారని పేపర్లో చూసి ఆమెను తీసుకెళ్ళాను. తెల్లారకముందే తయారై గుమ్మంలో కూర్చుంది, మహాతల్లి. నా చెవుల వెనక చూడడం ఆ రోజు కూడా మర్చిపోలేదు.

ముందు వరసలో కూర్చున్నాం. తెర మీద గుడిసె వచ్చింది. తాతయ్య వచ్చాడు. "వీళ్ళకు మొహం కడుక్కోవడం కూడా తెలియదు," అంది తెర మీది గొంతు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నాయనమ్మ ఆ మాట విన్నట్టే లేదు, కుర్చీ అంచుకు జరిగి కళ్ళార్పకుండా చూస్తోంది. పిల్ల వచ్చింది. మొహమంతా నలుపు. రెండు కళ్ళు, నమిలినప్పుడు పళ్ళు, అంతే. ఆ పిల్ల ఎవరి పిల్లైనా కావచ్చు. అర నిమిషంలో అది కాస్తా అయిపోయింది.

దీపాలు వేశాక ఇద్దరు ప్రొఫెసర్లు ఇది నిజమా బూటకమా అని వాదులాడుకోవడం మొదలెట్టారు. నేను ఆగలేకపోయాను. "ఆ ఇల్లు మాది! ఆ ఇంటావిడ ఈవిడే!" అని లేచి అరిచాను. హాలంతా మా వైపు తిరిగింది. ఎవరో మైకు తెచ్చి నాయనమ్మ చేతిలో పెట్టారు. తిడుతుందా, మెచ్చుకుంటుందా అని అందరూ చూస్తున్నారు.

ఆమె ప్రొఫెసర్లను చూడనైనా లేదు. వెనక మిషను తిప్పే అతన్ని కళ్ళతోనే వెతికి పట్టుకుంది.

"నాయనా, మా అమ్మాయి మొహం కనబడలేదు. ఆ మసి తీసేసి ఇంకోసారి వేస్తావా?"

ఎవరూ నవ్వలేదు. అతను మెల్లగా ముందుకొచ్చి ఆమె కుర్చీ పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"అది కుదరదు మామ్మా. అప్పుడెలా తీశారో అలాగే వస్తుంది."

నాయనమ్మ తలూపింది. "కుదరదన్న మాట ఆ రోజు నేను అనాల్సింది నాయనా," అంది.