కొండ దిగొచ్చిన కొబ్బరికాయ

రాసుకో కన్నా, మెల్లగా చెప్తాను. ఈ దేశంలో తెల్లవాళ్లతో పాటు మనవాళ్లూ జులూవాళ్లూ అందరూ కలిసి మొదటిసారి ఓట్లు వేసిన ఏడాది అది. మ్యారిట్జ్‌బర్గ్ ఊళ్లో డర్బన్ బస్సు ఎక్కేసరికి నా ఒళ్లు పులిసిపోయి ఉంది. పక్క సీట్లో నడివయసు మనిషి, మన తెలుగావిడే. బూట్ల నిండా మట్టి, మోచేతులు గీరుకుపోయాయి, ఒళ్లో కొబ్బరికాయ.

"ఎక్కడ పడ్డావమ్మా?" అన్నాను.

"పడలేదక్కా. బర్గ్ కొండల్లో శిఖరం ఎక్కబోయి దిగొచ్చాను."

"ఒక్కదానివేనా? ఇంట్లో తిట్టేవాళ్లు లేరా?"

"తిట్టే నాన్న పోయాడు," అని నవ్వింది. "నా చిన్నప్పుడు అక్కడికి తీసుకెళ్తే, తెల్లవాళ్లకే అని గేటు దగ్గరే తిప్పి పంపారు. గేటు తెరిస్తే శిఖరం మీద కొబ్బరికాయ కొడతానని మొక్కుకున్నాడు. ఇప్పుడు గేటు తెరిచారు, పైనున్న రాతిబండే ఎక్కనివ్వట్లేదు. చివర్లో చేతులతో పాకాలి. సగం పాకి, పట్టు దొరక్క దిగొచ్చేశాను."

"కిందే కొట్టేయకపోయావా? దేవుడికి వినపడదా?"

"దేవుడికి వినపడుద్ది. నాన్నకి శిఖరం కావాలి."

కాస్త పట్టుకోమని కాయ నా చేతిలో పెట్టి, బూట్ల తాళ్లు వదులు చేసుకుని అలాగే నిద్రపోయింది. నాకూ కళ్లు మూతలు పడుతున్నాయి. కాయ దొర్లిపోతుందని నిద్ర ఆపుకున్నాను. డర్బన్‌లో ఆమెను లేపితే, కాయని చెవి దగ్గర ఊపి చూసింది.

"నీళ్లున్నాయక్కా. వచ్చే ఆదివారానికి పనికొస్తుంది," అని కుంటుకుంటూ దిగింది.

ఇప్పటికీ కొట్లో కాయ ఊపి చూసినప్పుడల్లా, ఆవిడ కొట్టిందో లేదో అనుకుంటాను.