మా అమ్మాయే చెప్పింది

ఆ సెలూన్ యజమానికి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది కానీ, వీధిలో అందరూ రేడియో అనే పిలుస్తారు. కుర్చీలో కూర్చున్నవాడి మెడకి గుడ్డ చుట్టగానే మొదలవుతాడు, గుడ్డ దులిపేదాకా ఆగడు. తెలియదు అన్న మాట ఆ నోటివెంట ఎవరూ విని ఎరగరు.

ఈమధ్య అతని కన్ను ఇంటర్నెట్ కంపెనీల మీద పడింది. "వీడియోలు ఊరికే, ఫొటోలు దాచిపెట్టడం ఊరికే, కబుర్లు ఊరికే! ఊరికే పెట్టడానికి వాళ్ళేమన్నా మన మేనమామలా? ఎర గుచ్చేవాడు చేప దగ్గర డబ్బులడుగుతాడా?" అని ఒక చెంప గీసేవాడు. "పక్కింట్లో మనిషికి ఒంట్లో బాగాలేదన్న సంగతి కూడా ఫోన్లో చూసి తెలుసుకుంటున్నాం. ఏం మనుషులమండీ!" అని రెండో చెంప గీసేవాడు.

ఎవరైనా అడ్డు తగిలితే అతని దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉంది. "మా అమ్మాయే చెప్పింది." ఒక్కగానొక్క కూతురు దూరాన పెద్ద ఊళ్ళో అలాంటి కంపెనీలోనే పనిచేస్తోంది మరి! ఎదుటివాడి నోరు ఠక్కున మూతపడేది. నిజానికి ఆ పిల్ల ఏమీ చెప్పలేదు పాపం. ఆదివారాలు ఫోన్ చేసి, తిన్నావా, షాపు ఎలా ఉంది అని అడిగి పెట్టేసేది. అంతకు ముందు పన్నుల గురించి మాట్లాడేటప్పుడు "మా బావమరిదే చెప్పాడు" అనేవాడు. ఆ బావమరిది పన్నుల ఆఫీసులో గేటు కాపలా. రేడియో మాటకి ఎంత తరుగు తీయాలో పాత గిరాకీలందరికీ తెలుసు. రూపాయిలో పావలా వంతు నమ్మి, మిగతాది నవ్వేసి, ఇంటికి పోయేవారు.

కొత్త గిరాకీకి ఆ లెక్క తెలియదు. ఒకతను వచ్చి, అద్దం కింద నీళ్ళ సీసాకి ఫోన్ ఆనించి కూర్చున్నాడు. తన మొహం చూసుకుంటున్నాడేమో అనుకున్నాడు రేడియో. అతనేమో "నిజంగానా? మీకెలా తెలుసు?" అని ఎగదోశాడు. ఇక చెప్పాలా? కంపెనీ పేరుతో సహా ఏకరువు పెట్టాడు. "జనం రాసుకునే సొంత మెసేజీలన్నీ అక్కడ టీ తాగుతూ చదువుకుని పడీపడీ నవ్వుతారంట. మా అమ్మాయే చెప్పింది!"

నాలుగు రోజులు కాకుండానే, రోజూ వచ్చే రిటైర్డు పోస్టుమాస్టరు గారు ఫోన్ పట్టుకుని వచ్చారు. "ఏమయ్యా రేడియో, లోకమంతా మోగుతున్నావు!" ఆ కొత్త గిరాకీ ఫోన్లో తీసి పెట్టిన వీడియోని లక్షల మంది చూశారట. రేడియో తనని తాను చూసుకుని మురిసిపోయాడు. కాస్త జుట్టు దువ్వుకుని ఉండాల్సింది అనుకున్నాడు కూడా. పోస్టుమాస్టరు గారిని కూర్చోబెట్టి నురగ పూశాడో లేదో, కూతురి ఫోన్ వచ్చింది. ఆదివారం కాదు.

"నాన్నా, నేను నీకెప్పుడు చెప్పాను?"

"ఏంటమ్మా?"

"లోపలి విషయాలు బయటికి చెప్పనని సంతకం పెట్టాను నాన్నా. ఇప్పుడు పిలిచి నిలదీస్తున్నారు. ఉంచుతారో తీసేస్తారో సాయంత్రం చెప్తారంట. నేనేమీ చెప్పలేదని నువ్వే ఒక వీడియో తీసి పంపు, తొందరగా."

రేడియో చేతిలో బ్రష్షు పక్కన పడేశాడు. తన నోటి దురదకి కన్నకూతురి కూడు పోతుందా? మొహాన నురగతోనే పోస్టుమాస్టరు గారు వీడియో తీయడానికి ఫోన్ పట్టుకున్నారు. "మా అమ్మాయి నాకేమీ చెప్పలేదండీ. అంతా నేనే కల్పించాను. అక్కడ ఏం జరుగుతుందో నాకు తెలియదు." తెలియదు అన్న ఆ ఒక్క మాట దగ్గర తడబడి, రేడియో రెండుసార్లు మళ్ళీ మొదటినుంచీ చెప్పాల్సొచ్చింది. పోస్టుమాస్టరు గారి గడ్డం గీయకుండానే ఉండిపోయింది, ఆ గాభరాలో కత్తి ఎలా పెడతాడు?

పొద్దు వాలేదాకా ఎవరి ఫోన్ మోగినా ఉలిక్కిపడ్డాడు. గిరాకీలు వచ్చి, కూర్చుని, ఆ నిశ్శబ్దం భరించలేక వెళ్ళిపోయారు. పోస్టుమాస్టరు గారు మాత్రం కదల్లేదు. చివరికి ఫోన్ వచ్చింది.

"వదిలేశారు నాన్నా. హెచ్చరించి వదిలేశారు."

రేడియో భళ్ళున ఏడ్చాడు. "ఇక నోరు కుట్టేసుకుంటా తల్లీ. నీ మీదొట్టు."

"నేను చెప్పానని ఊరంతా చెప్పావు. అక్కడ ఏం చేస్తావే అని నన్ను ఒక్కసారైనా అడిగావా?"

అడగలేదు. మనసులో ఎంత వెతికినా అడిగిన గుర్తు లేదు. సిగ్గుతో చితికిపోయాడు. "ఏం చేస్తావమ్మా?" అన్నాడు.

"జనం పెట్టే వీడియోల్లో చూడకూడనివి ఏరి తీసేస్తాను నాన్నా. నరుక్కోవడాలు, ఉరేసుకోవడాలు. చిన్నపిల్లల్ని హింసించేవి. మీరెవరూ చూడకుండా ముందు మేం చూస్తాం. పొద్దస్తమానం అదే పని. ఇంటికొచ్చి కళ్ళు మూసుకున్నా అవే కనిపిస్తాయి. అన్నం సయించట్లేదు." తర్వాత గొంతు మార్చుకుని, "సరేలే, షిఫ్టుకి టైమైంది" అని పెట్టేసింది.

రేడియో ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏమయ్యా, ఉద్యోగం ఉన్నట్టేనా?" అడిగారు పోస్టుమాస్టరు గారు.

"ఉందండీ" అన్నాడు. అది పోతుందేమోనని పొద్దుట్నుంచీ వణికిపోయిన మనిషికి, పోలేదని చెబుతుంటే మళ్ళీ వణుకు మొదలైంది.