పిలుచుకుంటూ వచ్చే సైకిల్

పిల్లలూ, ఈ రోజు పొద్దున మన అపార్ట్‌మెంట్ గేటు ముందు ఒక సైకిల్ నా కొంగును రాసుకుంటూ వెళ్లిపోయింది. సిగ్నల్ దగ్గర బండ్లన్నీ ఆగాయి కదా అని, అవి వచ్చే వైపే చూసుకుంటూ రోడ్డు దాటుతున్నాను. రెండో పక్క నుంచి, అంటే రాకూడని పక్క నుంచి, నెత్తిన టోపీలు, నల్లద్దాలు పెట్టుకున్న సైకిళ్ల గుంపు ఒకటి దూసుకొచ్చింది. వాళ్లలో ఒకడు ‘లెఫ్ట్’ అని అరిచాడు. నా ఎడమ చేయి ఏదో నాకు గుర్తొచ్చేలోపు వాళ్లు వంతెన కిందికి చేరిపోయారు, నేను ఫుట్‌పాత్ అంచున కూలబడ్డాను.

మోచేయి కాస్త గీరుకుపోయింది, అంతే. కానీ నేను పైకి వచ్చేలోపే లిఫ్టులో పంచాయితీ మొదలైంది. ఈ సైకిళ్లవాళ్లకు జరిమానా వేయాలని ఒకాయన, పొగ లేకుండా పోతున్నారు పోనివ్వండని ఇంకొకాయన. మీ పిన్ని మందు రాసి, రేపటి నుంచి గేటు దాటొద్దు, నడవాలంటే కింద పూలకుండీల చుట్టూ నడువు అని చెప్పి ఆఫీసుకు వెళ్లిపోయింది. పిల్లలూ, మీరు పుణెలో ఉన్నారు, ఫోన్ చేస్తే క్లాసులో ఉంటారు. రోజంతా నేను మనుషుల మధ్య ఉండేది ఆ పొద్దుటి నడక గంటసేపే అని మీ పిన్నికి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

రాంగ్ రూట్ సైకిల్ నాకు కొత్త కాదు. మీ తాతను మించిన రాంగ్ రూట్ మనిషి నానక్‌రామ్‌గూడలో లేడు. అప్పుడు ఆయన ఒక ఆఫీసు గేటు దగ్గర కాపలా, నేను అదే ఆఫీసులో ఊడ్చి తుడిచే పని. మా గల్లీ చివర నిలబడితే ఆ గేటు కనబడేది. కానీ రోడ్డు వెడల్పు చేసి నడుమ గోడలాగా డివైడర్ కట్టాక, పద్ధతి ప్రకారం వెళ్లాలంటే ఎక్కడో దూరంగా ఉన్న మలుపు దాకా పోయి తిరిగి రావాలి. అందుకని మా ఊరి సైకిళ్లన్నీ అంచు పట్టుకుని బండ్లకు ఎదురే వెళ్లేవి. కార్లవాళ్లు అద్దాలు దించి తిట్టేవాళ్లు. తప్పు మాదే, కాదనను.

అయితే ఆ తప్పుకూ ఒక మర్యాద ఉండేది. ఎదురు వచ్చే సైకిల్ దారిలో ప్రతి మనిషినీ పిలవాలి. మీ తాత సైకిల్ గంట ఎప్పుడో ఊడిపోయింది, ఆయన మళ్లీ పెట్టించలేదు. గంట కొడితే మనిషి ఉలిక్కిపడతాడు, పిలిస్తే తిరిగి చూస్తాడు అనేవాడు. నేను వెనక క్యారియర్ మీద టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, ఓ అవ్వా, ఓ తమ్మీ, ఓ వదినా, జర జరుగుండ్రి అని దారి పొడుగునా ఆయన గొంతు. పో అన్నా పో, పైలం, జాగ్రత్తగా పో అని జవాబులు. ముక్కూమొహం తెలియని వాళ్లు కూడా గేటు చేరేలోపు మాకు చుట్టాలయ్యేవాళ్లు.

అవి తెలంగాణ కోసం ఊరంతా రోడ్డు మీద ఉన్న రోజులు. ఒక బంద్ నాడు బస్సు లేదు, ఆటో లేదు. చెవుల్లో పాటలు పెట్టుకుని ఒక అమ్మాయి మా ముందు ఆఫీసుకు నడిచి వెళ్తోంది. మీ తాత పిలిచాడు. ఆమెకు వినబడలేదు. సరిగ్గా మేము పక్కకు వచ్చేసరికి ఆమె ఇటే జరిగింది, ముగ్గురం కింద పడ్డాం.

“రాంగ్ రూట్‌లో వస్తూ మీదకు ఎక్కించేస్తారేంటండీ! కళ్లు కనబడవా?”

“తప్పే బిడ్డా. ఏం జెయ్యాలె, మా ఊరు ముందుగాల ఉండె, రోడ్డు ఎనక వచ్చె.”

ఆమె మడమ వాచింది. కోస్తా పిల్ల, ఊరికి కొత్త. ఆమెను క్యారియర్ మీద కూర్చోబెట్టి, మీ తాత సైకిల్ నడిపిస్తుంటే నేను పక్కన పట్టుకుని నడిచాను. కొంచెం దూరంలో రోడ్డు మీదే నిరసనగా వంటా వార్పు జరుగుతోంది. రాళ్ల పొయ్యి మీద పెద్ద గిన్నె, చుట్టూ జనం, నినాదాలు. అప్పటిదాకా మమ్మల్ని కడిగేస్తున్న పిల్ల ఒక్కసారిగా మాట మానేసి నా చేయి గట్టిగా పట్టుకుంది. నోరు తెరిస్తే తన యాస ఏ ప్రాంతానిదో తెలిసిపోతుందని ఆమె భయం.

“ఏం కాకా, బంద్ నాడు సవారీ ఎవలది?” అని అడిగారు.

“మా బిడ్డనే. నేనే గుద్దిన.”

“సొంత బిడ్డెను గుద్దినోనివి నువ్వొక్కనివే కాకా!” అని నవ్వారు. ఒకావిడ వచ్చి మడమకు పసుపు అద్ది, విస్తరాకులో వేడి కిచిడీ పెట్టి చేతికిచ్చింది.

“థాంక్సండి” అనేసింది పిల్ల.

ఒక్క క్షణం అందరూ ఆమె మొహం వైపే చూశారు. ఆ వడ్డించినావిడే గరిటె మళ్లీ గిన్నెలో ముంచుతూ, “తిను బిడ్డా, సల్లారితే బాగుండది” అంది. ఆ పిల్ల కళ్లు తుడుచుకుని తిన్నది.

ఆ తర్వాత మేము రోడ్డు మీద కనబడితే చాలు, “కాకా, వస్తున్నా, జరుగు!” అని ఆమే దూరం నుంచి అరిచేది. కొన్నాళ్లకు వేరే ఊరికి ఉద్యోగం మారి వెళ్లిపోయింది. మీ తాతను అన్నేళ్లు ఎదురు వచ్చిన బండి ఒక్కటీ తాకలేదు. ఆయన పోయింది దవాఖాన మంచం మీద, నిద్రలో, నన్ను కూడా పిలవకుండా.

ఇప్పుడు మా గల్లీ ఉన్న చోట అద్దాల మేడలున్నాయి. మన బాల్కనీలో నిలబడితే సైకిళ్లు చీమల బారులాగా కనబడతాయి, చప్పుడు మాత్రం ఇంత పైకి రాదు. పద్ధతి అప్పుడూ తప్పారు, ఇప్పుడూ తప్పుతున్నారు. కానీ అప్పుడు తప్పుడు దారిలో వచ్చినవాడికి కూడా నేను అక్కనో వదిననో అయ్యేదాన్ని. పొద్దున ఆ గుంపుకు నేను ఏమీ కాలేదు, అదే మోచేతి కన్నా ఎక్కువ నొప్పిగా ఉంది.

మీ పిన్నికి చెప్పకండి. రేపు పొద్దున కూడా గేటు దాటి వెళ్తాను. దాటే ముందు ఈసారి రెండు పక్కలా చూస్తాను. వాళ్లు ఎటు నుంచి వచ్చినా, ఈసారి నేనే ముందు పిలుస్తాను, ఓ తమ్మీ, జర పైలం అని. ఒక్కడైనా తిరిగి చూడకపోతాడా.