ఓబుళమ్మ ఫ్రేము కట్టించిన ఈసీజీ

రాష్ట్రం విడిపోయిన మరుసటి సంవత్సరం ప్రొద్దుటూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మెడికల్ రికార్డుల అధికారిగా చేరాను. పేరుకే అధికారి. కింద ఒక అటెండరు, పైన ఒక మేనేజరు, చుట్టూ ఇనుప ర్యాకులు. రోగి ఇంటికి వెళ్లిపోయాక అతని కేసుషీటు, అంటే డాక్టర్లూ నర్సులూ రాసిన కాగితాలన్నీ, నా గదికి వచ్చేవి. వాటిని సరిచూసి, నంబరు వేసి, అడిగినవారికి నకళ్లు ఇవ్వడం నా పని. ఆ గదిలోని పాత కాగితాల వాసన మీద ఇప్పటికీ మనసు లాగుతుంది. ఇంట్లో ఆ మాట అంటే నవ్వుతారు.

నకళ్లకు నిబంధన ఉంది. రోగి గానీ వారి తరఫు మనిషి గానీ అడిగితే డెబ్బై రెండు గంటల్లోగా ఇవ్వాలి. ధర ఎంతో మాత్రం అందులో లేదు. సర్కారు ఆసుపత్రిలో సమాచార హక్కు కింద అడిగితే పేజీకి రెండు రూపాయలు. ఆ హద్దు మనకు లేదు కదా అని మా మేనేజరు ఫైలుకు వెయ్యి రూపాయలు పెట్టాడు.

ఆ ఎండాకాలం వేముల దగ్గరి పల్లె నుంచి ఓబుళమ్మ వచ్చింది. అంతకు నెల ముందు ఆమె భర్త చీనీతోటలో, అంటే బత్తాయి తోటలో, కుప్పకూలితే మా దగ్గరికే తెచ్చారు. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు ఈసీజీ తీసి, ఆ గీతలు చూపించి, గుండె ఇంకా కొట్టుకుంటోందని ఆమెకు ధైర్యం చెప్పాడు. తెల్లవారేలోపే ఆయన పోయాడు. ఇప్పుడు ఆమెకు కావలసింది ఆ ఈసీజీ ఒక్కటే.

మా దరఖాస్తులో 'కారణం' అని ఒక గడి ఉండేది. ఇన్సూరెన్సుకా, కోర్టుకా అని అడిగాను.

"అవేం లేవప్పా. ఫోటోలు ఇంట్లో శానా ఉండాయి. ఫోటోలో మనిషి కదల్డు. ఇది ఆయన గుండె కొట్టుకుండిన గీత. చూసుకోవల్లనిపిస్తాంది," అంది.

మేనేజరు నవ్వి, చూసుకోవడానికైనా వెయ్యే అన్నాడు. చీనీకాయల వ్యాపారిని చేబదులు అడిగి తెస్తానని ఆమె లేవబోయింది. నాకు ఒళ్లు మండింది. ధర రాయలేదంటే ఎంతైనా గుంజమని కాదనీ, మూడు పేజీల ఈసీజీకి వెయ్యి అడగడమంటే ఇవ్వనని చెప్పడమేననీ, ఆమె వైద్య మండలికి రాస్తే సంజాయిషీ చెప్పుకోవలసింది మన డాక్టరేననీ అన్నాను. డాక్టరు పేరు ఎత్తేసరికి మేనేజరు మెత్తబడ్డాడు. సర్కారు లెక్కనే ఆరు రూపాయలు కట్టించుకుని జిరాక్సు నకలు ఇచ్చాను. అసలు ప్రతి ఆసుపత్రిలోనే ఉండాలి కాబట్టి ర్యాకులో పెట్టాను. పాడవకుండా ఉంటుందని మేనేజరు ఈసీజీలన్నిటికీ పాలిథిన్ కవర్లు తొడిగించాడు.

మూడేళ్లకు ఆమె కొడుకు నాగేంద్ర బోరు మోటారు దగ్గర స్పృహ తప్పి పడిపోయాడు. ఆదివారాల్లో మా దగ్గరికి వచ్చే గుండె డాక్టరు, ఇది తండ్రి నుంచి వచ్చిన జబ్బేమో, ఆయన ఈసీజీ తెమ్మన్నారు. తీసి చూస్తే కాగితం తెల్లగా ఉంది. ఈసీజీ సిరాతో పడేది కాదు. యంత్రం వేడికి కాగితం మీద గీత తేలుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది వెలిసిపోతుంది. పాలిథిన్ కవరులో ఇంకా త్వరగా పోతుంది.

ఓబుళమ్మకు సంగతి చెప్పాను. ఆమె బస్సెక్కి ఊరికి పోయి, సాయంత్రానికి తువాలులో చుట్టిన పటం తెచ్చింది. నేనిచ్చిన నకలుకు పులివెందులలో ఫ్రేము కట్టించిందట. జిరాక్సు కాబట్టి గీత వెలిసిపోలేదు.

"మేకులు పీకండి. నా కండ్ల ముందరే పీకల్ల," అంది.

డాక్టరు రెండు ఈసీజీలూ పక్కపక్కన పెట్టి చూశారు. రెండింటిలోనూ ఒకే లోపం కనిపించింది. పిల్లవాణ్ని వెంటనే తిరుపతి పంపారు. అక్కడ ఛాతీలో గుండెను కనిపెట్టుకుని ఉండే చిన్న యంత్రం అమర్చారు. బతికాడు.

ఆమె కాగితానికి జిరాక్సు తీసి మా ఫైలులో పెట్టుకున్నాను. అసలుతో సరిచూడనిదే ధ్రువీకరణ ముద్ర వేయకూడదు. అందుకని 'రోగి భార్య ఇచ్చిన నకలు' అని మాత్రం రాశాను. ఫ్రేము మళ్లీ బిగిస్తూ, ఇంకా దీన్ని చూసుకుంటుంటావా అని అడిగాను.

"దీపం పెట్టేటప్పుడు దినామూ చూస్తా. గీత మింద వేలు పెట్టుకుని పోతా. కడాకు మాత్రం పోనీను, మళ్లీ మొదటికే తెచ్చుకుంటా," అంది.

నేను రిటైరై కొన్నేళ్లయింది. పులివెందుల బస్సు కనిపిస్తే ఇప్పటికీ ఆ తువాలు మూట కోసం కళ్లు వెతుకుతాయి.

నాగేంద్ర బతికి బయటపడిన ఆ నెలలోనే ఆసుపత్రిలో రెండు మార్పులు చేయించాను. ఈసీజీ తీసిన రోజే జిరాక్సు తీసి కేసుషీటుకు కుట్టాలి. దరఖాస్తులో 'కారణం' గడి ఉండకూడదు. ఎందుకు కావాలో చెప్పాలని ఏ నిబంధనా అనలేదు. అడిగే రోజున అది అడిగేవాళ్లకే పూర్తిగా తెలియదు.