మూడో నట్టు

అతన్ని వీధంతా డాక్టరుగారనే పిలిచేవారు. జీవితమంతా నాడి చూసింది మాత్రం యంత్రాలకే. పక్షవాతం వచ్చి తగ్గాక కుడిచేయి మాట వినడం మానేసింది. ఇంటినానుకుని ఉన్న మరమ్మతు షెడ్డు తాళం ఆరు నెలలుగా తీయలేదు.

ఒక ఉదయం బడి తోటమాలి పచ్చిక కోసే చిన్న ట్రాక్టరును తోలుకొచ్చాడు. ఇంజను ఆడుతోంది, కింద కత్తులు తిరగడం లేదు.

"మీరు కాదంటే పాత ఇనుము కింద ఇచ్చేస్తారట" అన్నాడు.

డాక్టరు వెంటనే సరేనన్నాడు. అన్నాక గానీ చేయి సంగతి గుర్తు రాలేదు.

ఇంజను బలాన్ని కత్తులకు అందించే క్లచ్‌ను ఎడమచేత్తోనే ఎలాగో విప్పాడు. బేరింగు అరిగిపోయింది. కొత్తది తెప్పించాడు. తిరిగి బిగించడం దగ్గరే వచ్చింది చిక్కంతా. ప్లేటు పట్టుకుంటే స్ప్రింగు జారేది, స్ప్రింగు పట్టుకుంటే నట్టు ఎగిరేది. మూడోసారి పానా విసిరికొట్టాడు.

ఆ చప్పుడుకు, పక్కగదిలో బట్టలు కుడుతున్న భార్య పరుగెత్తుకొచ్చింది. ఇన్నేళ్ల కాపురంలో ఆమెను షెడ్డు గుమ్మం దాటనిచ్చింది లేదు.

"నా చేతులున్నాయిగా. ఏం చెయ్యాలో చెప్పండి."

"ఇది బొత్తాలు కుట్టడం కాదే!"

"కాదని తెలుసులెండి. చెప్పండి."

చెప్పాడు. మొదట కసురుకుంటూ, తర్వాత మామూలుగా. ఆమె వేళ్లు తొందరపడలేదు. బేరింగు కూర్చోబెట్టింది, మూడు స్ప్రింగుల మీద ప్లేటు దించి నట్లు బిగించింది. ప్లేటు పక్కనున్న సందుల్లోకి, ఖాళీ కొలిచే పల్చటి గేజి రేకు దూర్చి, అది ఒరుసుకుంటూ కదిలేదాకా నట్లు వదులు చేసింది. సాయంత్రానికి క్లచ్ బండికెక్కింది.

ఇంజను వేశారు. కత్తులు తిరిగాయి. కత్తుల స్విచ్చి ఆపినా తిరుగుతూనే ఉన్నాయి.

అతను గబుక్కున ఇంజను ఆపేశాడు. ఎక్కడ పొరపాటు జరిగిందో ఎంత తడుముకున్నా తట్టలేదు. చేయి పడిపోయిన రోజున కూడా కలగని భయం గుండెల్లో దూరింది.

ఆమె వంగి చూసింది. "ఏమండీ, మూడు నట్లున్నాయి కదా. మీరు రెండిటి దగ్గరే రేకు పెట్టించారు. మూడోది ఇంకా బిగిసే ఉంది."

అతను కళ్లు మూసుకుని చెప్పగలిగిన పని అది.

"మర్చిపోయానే" అన్నాడు.

"ఇప్పుడు గుర్తొచ్చిందిగా. ఎంత వదులు చెయ్యమంటారు?"

ఈసారి స్విచ్చి ఆపగానే కత్తులు ఠక్కున నిలిచాయి.

మర్నాడు తోటమాలి సంబరపడిపోయాడు. "మీ చెయ్యి మళ్లీ దారిలో పడిందన్నమాట!"

"నాది కాదయ్యా. బిగించింది మా ఆవిడ. నేను చెప్పానంతే. అదీ సగమే."

తోటమాలి వెళ్లాక డాక్టరు భార్యను పిలిచాడు. "ఓ నోటుపుస్తకం తెచ్చుకో. గుర్తున్నంత వరకూ చెబుతాను, రాసిపెట్టు."

ఆమె కుర్చీ లాక్కుని షెడ్డులోనే కూర్చుంది. "ఏ బండితో మొదలుపెడదాం?"

అతను తన చేతిలో పాడైన మొట్టమొదటి బండితో మొదలుపెట్టాడు.