సోమయ్య అనే బొమ్మ

భద్రాచలం రోడ్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో ఒక ఇంజనీరు నా పక్కన కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాడు. తెరమీద ఒక ఫ్యాక్టరీ కదులుతోంది. ఇనుప రేకుల్ని నొక్కే పెద్ద ప్రెస్సు మిషన్ దగ్గర మనిషి బొమ్మ, దాని నెత్తిమీద ‘సోమయ్య’ అనే పేరు.

“ఇదేంది బాబూ?” అని అడిగాను.

“మిషన్ నడిపే ప్రోగ్రాం మేడం. అసలు మిషన్ల పెట్టేముందు ఇందుల టెస్ట్ చేస్తం. మనిషి లోపలికి వంగితే మిషన్ ఆగాలె.”

అతను మీట నొక్కాడు. బొమ్మ లోపలికి వంగింది. ప్రెస్సు ఆగలేదు. బొమ్మ ఎర్రగా మారి కింద పడింది. అతను ప్రోగ్రాంలో ఏదో సరిచేసి దాన్ని మళ్లీ లేపాడు.

“సోమయ్య ఎవరు?”

“మా దగ్గర పనిచేసేటోడు. పోయినేడు గిదే ప్రెస్సు కింద నలిగి సచ్చిండు. నవ్వులాటకు మావోళ్లు గా పేరు పెట్టిండ్రు.”

“మరి అప్పుడు ఈ టెస్టు చెయ్యలేదా?”

“అప్పుడు పైవోళ్లు మిషన్ జల్దీ నడిపియ్యమన్నరు మేడం.”

అతను ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి నవ్వాడు.

“మీరు గూడ ఓసారి నొక్కుండ్రి. బొమ్మనే గదా!”

నేను సంచి తీసుకుని బయటికి వెళ్లి ప్లాట్‌ఫారం మీద ఎండలో నిలబడ్డాను. ఇప్పటికీ ఎవరైనా ఏదైనా తెర నా ముందుకు జరిపి నొక్కమంటే, నా చేతులు వాటంతటవే వెనక్కి పోతాయి.