మౌలాలన్న ఆయిల్ పంపు

కాస్త ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. అరిచి చెప్పే మాట కాదిది. చేతిలో పని ఉంటే చేసుకుంటూనే వినండి, నేను కూడా చింతపండు గింజలు తీసుకుంటూనే చెబుతాను.

ముందే ఒక మాట. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. చిన్నప్పుడు మా అవ్వ ఎంత బెదిరించినా బెదరలేదు. పెళ్లయి వచ్చాక శ్మశానం పక్క దారిలోనే చేనికి సద్ది మోశాను. ఎవరైనా దయ్యాల కథ మొదలుపెడితే లేచి పనిచూసుకునేదాన్ని. కాబట్టి నేను కథ కట్టి చెబుతున్నానని అనుకోకండి. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది బనగానపల్లె. నా పేరు సుంకమ్మ. మా ఆయన ఓబులేసు చెట్లు కోసే చైన్ మిషన్లు బాగుచేస్తాడు. కొత్త మిషన్లకు షోరూములు ఉన్నాయి. మా దగ్గరికి వచ్చేవన్నీ పాతవే, మేము ముట్టుకోమని అందరూ తిప్పి పంపినవే. ఇంటి ముందు గదే అంగడి. నేను అయిదో తరగతితోనే బడి మానేశాను గానీ, ఆ అంగడిలో ఏ స్క్రూ ఎక్కడుందో నన్నే అడగాలి. గోడకు ఇరవై ఆరు పాలపొడి డబ్బాలు ఉన్నాయి. దేని మీదా చీటీ లేదు. ఏ డబ్బాలో ఏముందో, అది ఎవరి మిషన్‌లోంచి వచ్చిందో, ఇంకే మిషన్‌కు సరిపోతుందో అంతా నా తలలోనే ఉంది. మా ఆయన తలెత్తకుండా చెయ్యి చాపుతాడు, నేను సామాను అందిస్తాను. ఇరవై ఏళ్లుగా ఇదే మా కాపురం.

పాత మిషన్లతో కష్టం ఏమిటంటే, కంపెనీవాళ్లు వాటి సామాన్లు చేయడం మానేస్తారు. అందుకని మా అంగడికి వచ్చే కోత మనుషుల్లో ఒక పద్ధతి ఉంది. వాళ్లలో ఎవరైనా చనిపోతే ఆయన మిషన్‌ను విప్పి, అదే రకం మిషన్ ఉన్నవాళ్లు సామాన్లు పంచుకుంటారు. ముందు ఆ ఇంటివాళ్లను అడుగుతారు. వాళ్లు సరేనన్నాక, మొదటి స్క్రూ విప్పేముందు మిషన్ మీద చెయ్యి పెట్టి, పోయినాయనను పేరుపెట్టి పిలిచి, ఫలానా సామాను తీసుకుంటున్నామని చెబుతారు. ఇంటివాళ్లు ముందు, పోయినాయన తర్వాత. ఈ వరుస ఎవరూ తప్పింది లేదు, మేము తప్పేదాకా.

మౌలాలన్నది ప్రొద్దుటూరు. ఏటా మామిడికాయ కోతలు అయిపోగానే మా వైపు తోటల్లో ముసలి చెట్ల కొమ్మలు కొట్టడానికి వచ్చేవాడు. నన్ను చెల్లెలనేవాడు. అడిగినవాళ్లకు లేదనే మాట ఆయన నోట రాదు. ఒకసారి తన నడుము తాడు ఎవరికో విప్పి ఇచ్చేసి, తాడు లేకుండానే చెట్టెక్కబోతుంటే మా ఆయన కాళ్లు పట్టుకుని కిందికి లాగాడు. ఇంట్లోవి కూడా అంతే. ఆయన భార్య ఖాసింబీ వదిన కొత్త బిందె కొనుక్కుంటే, నీళ్లు లేవన్న కూలీలకు పంపేశాడు. అది మళ్లీ ఇల్లు చేరలేదు.

“బిందె పోతే పోనీలే సుంకమ్మా. నన్నొక మాట అడిగేది లేదా?” అని వదిన కనిపించినప్పుడల్లా చెప్పుకునేది.

ఆయన మిషన్‌లో ఒకసారి ఆయిల్ పంపు గొట్టం విరిగింది. కోసేటప్పుడు చైన్‌కు నూనె అందించేది ఆ పంపే. అది లేకపోతే చైన్ ఎండిపోయి, బ్లేడు కాలి నీలంగా మారిపోతుంది. పంపు క్లచ్ వెనకాల, మిషన్ కడుపులో ఉంటుంది. ఆ గొట్టం ఎక్కడా దొరకక మా ఆయన నా కిరోసిన్ స్టవ్ ఇత్తడి గొట్టం కోసి అతికించాడు. నేను ఇల్లు ఎగిరిపోయేట్టు అరిచాను.

“గ్యాసొచ్చింది గదమ్మే, ఇంగేం స్టవ్వు?” అన్నాడు మా ఆయన.

“ఊరుకో చెల్లెలా,” అన్నాడు మౌలాలన్న. “నీ స్టవ్వు నా మిషన్లో కాపురం చేస్తాండాది. బాగా చూసుకుంటాలే.”

ఆ గొట్టానికి ఒక చోట సొట్ట ఉంది. పెళ్లయిన కొత్తలో నేను స్టవ్ జారవిడిచినప్పుడు పడింది. అట్లాంటి పంపు లోకంలో ఇంకొకటి ఉండదు. ఇది గుర్తుపెట్టుకోండి.

మౌలాలన్న గుండెనొప్పితో పోయాడు. ఆరు నెలలయ్యాక నేనూ మా ఆయనా ప్రొద్దుటూరు వెళ్లాం. అప్పటికే ముగ్గురు ఆ మిషన్ సామాన్లు కావాలని చెప్పి ఉంచారు. అడిగాం. వదిన ఒప్పుకోలేదు.

“ముక్కలు చేయొద్దు సుంకమ్మా. ఇంట్లో అది ఒకటి నిండుగా ఉండనీ.”

నేను ఆమె చేతిలో చెయ్యి వేశాను. నీ నోటితో నువ్వు ఇస్తానన్నదాకా దీంట్లోది ఒక్క స్క్రూ కూడా మా అంగడి గడప తొక్కదని మాటిచ్చాను.

ఆమె కోసం మా ఆయన ఆ మిషన్‌ను చివరిసారిగా మోగించాడు. పంపు పనిచేస్తోందా అని చూడటానికి మేము చేసే పరీక్ష ఒకటుంది. బ్లేడు కొనను ఒక అట్టముక్క దగ్గర పెట్టి తిప్పితే, చైన్ మీది నూనె చిమ్మి అట్ట మీద గీత పడుతుంది. నిండుగా నల్లటి గీత పడింది. వదిన ఆ అట్టముక్కను దాచుకుంటానని తీసుకుంది. ఆ తర్వాత మా ఆయన నూనె, పెట్రోలు వంచేసి, అన్ని స్క్రూల మీదా ఎర్ర గోళ్లరంగు చుక్క పెట్టాడు. ఎవరైనా విప్పితే చుక్క పగులుతుంది. ఆయన బాగుచేసిన ప్రతి మిషన్‌కూ అట్లే పెడతాడు. మిషన్‌ను ఇనప పెట్టెలో పెట్టి, మీద అట్టముక్క పరిచి, వదిన తాళం వేసింది. తాళంచెవి నల్లదారానికి కట్టి మెడలో వేసుకుంది.

రెండేళ్లు గడిచాయి.

నా తమ్ముడు మద్దిలేటిది కూడా అదే రకం మిషన్. మొన్న ఎండాకాలం వాడి ఆయిల్ పంపు అరిగిపోయింది. చేతిలో పెద్ద తోట పని ఉంది. వానలు పడేలోపు కొమ్మలు కొట్టకపోతే తోటాయన ఇంకొకరిని పిలుస్తానన్నాడు. కర్నూలు, నంద్యాల తిరిగాం. హైదరాబాదుకు ఫోన్లు చేశాం. ఆన్‌లైన్‌లో తెప్పించిన పంపుకు రంధ్రాలు సరిపోయాయి గానీ నూనె చాలలేదు, రెండో రోజుకే బ్లేడు నీలమైపోయింది. వేరే కంపెనీది పెడదామంటే గేరు పళ్లు కలవలేదు. ఆ సాయంత్రం నేను పంపుల డబ్బాను పేపరు మీద కుమ్మరించాను. నాలుగున్నాయి. నాలుగూ వాడి మిషన్‌కు పనికిరావు. మద్దిలేటి చూస్తుండగానే మళ్లీ డబ్బాలో వేశాను.

“ప్రొద్దుటూర్లో ఒకటి ఊరికే పండుకోనుండాది గదక్కా,” అన్నాడు వాడు.

“నోరు మూసుకో. మాటిచ్చినా.”

“వదినను అడిగేదానికేమి?”

“అడగను. ఆమె కండ్లల్లో నీళ్లు నేను చూడల్యాను.”

“అట్లయితే ఆయన్నే అడుగుతా పో.” వాడు లేచి డబ్బా మీద చెయ్యి పెట్టి గొంతెత్తాడు. “మౌలాలన్నో! మా అక్క శానా మొండిది. నీ ఆయిల్ పంపు నేను తీసుకుంటాండానప్పా!”

నేను నవ్వాను. నవ్వి ఊరుకోకుండా, “ఇంగా గట్టిగా పిలువు, ప్రొద్దుటూరుకు ఇనపడాల” అని ఎక్కించాను కూడా. మా ఆయన ఒక్కడే నవ్వలేదు. “ఆటలాడే మాటలా అవి?” అని చేతిలో స్పానర్ కింద పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. ఇంటామెను అడగకుండా పోయినాయనను అడిగామని నాకప్పుడు తోచనే లేదు.

మరుసటి రోజు పొద్దున అంగడి ఊడ్చి కూర్చున్నాను. వేరే మిషన్‌కు పంపు కావాలని మా ఆయన చెయ్యి చాపాడు. డబ్బాలో చెయ్యి పెట్టాను. వేళ్ల కింద అయిదు తగిలాయి. అయిదో దాని గొట్టం మీద సొట్ట ఉంది. నా స్టవ్ సొట్ట నాకు తెలియదా? చూడకముందే తెలిసిపోయింది. పైకి తీస్తే నూనెతో తడిగా ఉంది. మిగతా నాలుగూ పొడిగా ఉన్నాయి.

మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఇది నేను చేసిందే” అన్నాడు, అంతే. నేను మొహం మీదే అడిగాను, నువ్వేమన్నా తెచ్చినావా అని.

“రేత్రంతా నీ పక్కనే గదా పండుకోనుండేది. ప్రొద్దుటూరికి ఎగిరిపోయొచ్చినానా?”

మద్దిలేటికి కబురు చేస్తే పరిగెత్తుకొచ్చాడు. పంపు కోసం పదిహేను రోజులుగా నిద్రపోనివాడు, దాన్ని చూసి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. “నాకొద్దక్కా” అన్నాడు.

నిజం చెబుతున్నాను, నాకు దయ్యం భయం వేయలేదు. వదిన ముందు దొంగలాగా నిలబడాలే అన్నదే నా భయం. దాచేయొచ్చు. ఆమెకు ఎట్లా తెలుస్తుంది? కానీ చేతిలో చెయ్యి వేసింది నేను. పంపును గుడ్డలో చుట్టుకుని, ఇద్దరినీ వెంటబెట్టుకుని, కోయిలకుంట్ల, జమ్మలమడుగు మీదుగా బస్సులో ప్రొద్దుటూరు వెళ్లాను.

వదినకు ఒక్కటీ దాచకుండా చెప్పాను, నేను నవ్వి ఎక్కించిన మాటతో సహా. ఆమె మెడలో దారం తీసి పెట్టె తెరిచింది. అట్టముక్క ఉంది, దాని మీద గీత ఉంది, కింద మిషన్ ఉంది. మా ఆయన ఒక్కొక్క ఎర్ర చుక్కనూ వదినకు చూపించాడు. ఒక్కటీ పగల్లేదు. అప్పుడు ఆమె ముందే విప్పాడు. క్లచ్ దాని చోట అదుంది. దాన్ని తీశాడు. వెనకాల పంపును పట్టుకునే రెండు స్క్రూలు బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. వాటి నడుమ పంపు లేదు.

నేను చేతులు జోడించాను. ఆమె తిట్టినా పడదామనే వెళ్లాను.

వదిన పంపును చేతిలోకి తీసుకుని, ఇత్తడి గొట్టాన్ని బొటనవేలితో చాలాసేపు రుద్దింది.

“అయితే మీ అంగడికి వచ్చినాడు.”

వదిన తల తిప్పి వీధి తలుపు వైపు చూసింది.

“ఆయన పోయినప్పటి నుంచి తలుపుకు గడె పెట్టకుండా పండుకుంటాండా సుంకమ్మా. ఎప్పుడన్నా వస్తాడేమోనని. ఒక్కనాడన్నా రాల్యా. ఎవరో పిల్సి సామాను అడిగితే మాత్రం పరిగెత్తుకుంటా పోయినాడు.”

ఆమె పెట్టెలోకి వంగింది. బతికున్న మనిషిని తిట్టినట్టే తిట్టింది. “ఏమయ్యా, ఇప్పుడు గూడా నన్నొక మాట అడిగేది లేదా నీకు?” అంది. ఏడుస్తూనే అన్నది, అంటూనే ఎందుకో నవ్వింది. బిందె గుర్తొచ్చిందేమో.

తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని మద్దిలేటి వైపు తిరిగింది.

“పిల్సింది నువ్వేనా?”

“నేనే వదినా. తప్పయిపాయ.”

“ఆయన్ను అడిగితివి గదా, ఇప్పుడు నన్నడుగు.”

అంత లావు మనిషి, చిన్నపిల్లోడిలాగా చేతులు కట్టుకున్నాడు. “అన్న ఆయిల్ పంపు తీసుకుంటా వదినా. ఇస్తావా?”

వదిన వెంటనే ఇవ్వలేదు. పంపును గుప్పిట్లో పెట్టుకుని అట్టముక్క వైపు చూస్తూ కూర్చుంది. నాకు బాగా గుర్తు, వీధిలో ఉప్పమ్మేవాడు వచ్చి వెళ్లిపోయేదాకా అట్లే కూర్చుంది. తర్వాత వాడి చేతిలో పెట్టింది.

“తీస్కపో. తోట పని అయిపోయినాంక మిషన్ను ఈడికి తెచ్చి, నా వాకిట్లో ఒకసారి మోగించిపో. నేను ఇనాల.”

ఆ పంపు వేశాక మద్దిలేటి వానలకు ముందే తోట పని పూర్తి చేశాడు. వదిన చెప్పినట్టే మిషన్ తీసుకుని ప్రొద్దుటూరు వెళ్లాడు. వాకిట్లో మోగిస్తుంటే వదిన తనే కొత్త అట్టముక్క పట్టుకుందట. నూనె గీత నిండుగా పడిందట. దాన్ని పాతదాని పక్కనే పెట్టెలో పెట్టుకుంది.

ఈ సంగతి విన్నవాళ్లు ఏవేవో చెప్పారు. మౌలాలన్న బతికుండగానే పంపు తీసి ఇచ్చేసి ఉంటాడన్నారు. మరి ఆయన పోయిన ఆరు నెలలకు అట్ట మీద గీత ఎట్లా పడింది? ఎవరో దొంగిలించి నా డబ్బాలో వేశారన్నారు. చుక్క పగలకుండా ఎట్లా విప్పారు? విప్పినవాడు ఖాళీ చోట స్క్రూలు మళ్లీ ఎందుకు బిగించాడు? నా జ్ఞాపకమే తప్పిందని కూడా ఒకాయన అన్నాడు. ఆయనకు మా అంగడిలో ఉన్న ఇరవై ఆరు డబ్బాల్లో ఏమేముందో వరుసగా చెప్పి పంపించాను. అన్నీ చెప్పగలిగాను గానీ, ఆ పంపు ఎట్లా వచ్చిందో మాత్రం నాకు ఈరోజుకీ తెలియదు. దయ్యమని అననూ లేను, కాదని కొట్టిపారేయనూ లేను.

ఒక్కటి మాత్రం మారింది. మా అంగడిలో ఇప్పుడు పోయినవాళ్ల పేరు ఎవరూ ఆటకు పిలవరు.

పోయిన శుక్రవారం వదినకు ఫోన్ చేశాను. రాత్రిపూట గడె పెట్టుకుంటున్నావా అని అడిగాను. లేదంది. పెట్టుకోమని నేనూ చెప్పలేదు.

ఇంత ఓపికగా విన్నారు. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఇంట్లో ఇచ్చే చేతికి కొరత రాకూడదు. ఇచ్చేముందు ఇంటామెను ఒక మాట అడిగే మగవాడు మీ ఇంట నిండు నూరేళ్లు బతకాలి.